అడవి అంచు ఇంటికి షెల్టర్ కుక్క

తమ్ముడు: నేను జాతికుక్కను కొనుక్కొస్తనంటలేను అక్కా. హైదరాబాద్‌ల ఒక షెల్టర్ల ఏడాది దాటిన దేశవాళీ కుక్క ఉన్నది, దాన్ని తెచ్చుకుంటనంటున్న. పిల్లలు కాకుండ ఆపరేషన్ అయింది, టీకాలు పడ్డయి. రోగం లేదు, కరిచే గుణం లేదు. ఒక్కకాడ నిలువదు, అదొక్కటే దాని తప్పు. వచ్చినోళ్లంత రెండు నెలల పిల్లలనే ఎత్తుకొని మురుస్తరు. ఇది కాళ్లెత్తి మీదికి దుంకేసరికి జడిసి పక్క గూటికాడికి పోతరు. గూట్ల ఉన్నకొద్ది దుంకుడు ఎక్కువైతది, దుంకినకొద్ది తీసుకపోయేటోళ్లు తక్కువైతరు. మనకు వాకిలున్నది, చేనున్నది. ఎందుకు వద్దంటవు?

అక్క: వాకిలున్నదన్నవు గని, ఆ వాకిలి అమ్రాబాద్‌ల ఉన్నదని అనలేదు. హైదరాబాద్‌ల కుక్క గోడ దుంకితే రోడ్డు మీద పడ్తది. ఇక్కడ దుంకితే చేన్ల పడ్తది, చేను దాటితే అడవిల పడ్తది. 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం మన ఊరి పేరు మీదనే ఉన్నది. అడవి అంచున దుప్పి కనపడంగనే ఏడాది కుక్క ఆగుతదా? నువ్వు పిలిస్తే మల్లి వస్తదా? అది చెడ్డ కుక్కని నేనంటలేను. ఉరుకుడు దాని వయసు గుణం. ఆ గుణానికి ఈ చోటు తగదు.

తమ్ముడు: ఊర్ల కుక్కలు లేవా? గల్లీకి ఇన్ని ఉన్నయి. అడవి లోపలి చెంచుగూడేలల్ల, ఆ పెంటలల్ల, కుక్కలు తరతరాల సంది ఉన్నయి. తేనెకు పోయినా, గడ్డలు తవ్వనీకి పోయినా మనిషి వెంబడే పోతయి. ఎలుగుబంటి జాడను మనిషి కంటే ముందే పట్టి మొరుగుతయి. వాటి మెడకు తాడు లేదు, అయినా మనిషిని ఇడువవు. అడవిల కుక్క బతుకలేదంటే ఎట్ల నమ్మాలె?

అక్క: పెంటల పుట్టిన కుక్క వేరు తమ్మీ. అది కండ్లు తెరిచిందే అడవిల. చిరుత వాసనొస్తే మనిషి కాళ్లల్లకు రావాలెనని తల్లిని చూసి నేర్చింది. అట్ల నేర్వనిది పెద్దగానే కాలేదు, చిన్నగున్నప్పుడే పోయింది. మనకు కనపడేవి మిగిలినవే. పోయినవాటిని ఎవ్వరూ లెక్కపెట్టరు. నువ్వు తెచ్చేదానికి బస్సు హారన్ తెలుసు, గేటు చప్పుడు తెలుసు. చిరుత తెలువదు. ఊరి అంచు ఇండ్లకు చిరుత దేనికొస్తదో నీకు నేను చెప్పాల్నా? మేకకొస్తది, లేకుంటే కుక్కకొస్తది. కట్టేసిన కుక్క అయితే దానికి ఇంకా సులువు.

తమ్ముడు: రాత్రి బయట కట్టేస్తనని ఎవరన్నరు? ఇంట్లనే పండుకుంటది.

అక్క: అమ్మను అడిగినవా? కుక్క కడప దాటి లోపలికొస్తే ఆమె ఒప్పుతదా? దేవుని అర్ర ఉన్న ఇంట్ల, చాపల మీద బొచ్చు రాలుతుంటే ఊడ్చేటోళ్లు ఎవరు? నువ్వు బడి నౌకరికి పోతవు. మాపటికొస్తవు. నువ్వు లేనంతసేపు అది నీ కుక్క కాదు, అమ్మ కుక్క. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ఇరవై కిలోల కుక్క తాడు గుంజితే నిలుస్తదా? కుక్కను తెచ్చుకుంటమన్నప్పుడు మొగోళ్లు దయ గురించి చెప్తరు. ఇంట్ల ఉండే ఆడోళ్లు ఎత్తిపోసే పని గురించి అడుగుతరు. అడిగినందుకు మనసు లేనోళ్లమైతం.

తమ్ముడు: ఆ మాట తీసేయలేను. అమ్మను అడగలేదు. అడగాలె. ఆమె వద్దంటే తేను. గని నా దిక్కు కూడ జర విను. పొద్దుగాల అయిదింటికి లేచి గంటసేపు నడిపిస్త, మాపటికి గంట. నడక ఒక్కటే కాదు. షెల్టర్ల పని చేసేటోళ్లు చెప్పిండ్రు: ఇసుంటి కుక్కకు కాళ్ల పని కంటే ముక్కు పని ఎక్కువ పెట్టాలెనని. జొన్నరొట్టె ముక్కలు చేసి పాత గోనెసంచి మడతలల్ల దాచిపెట్టాలె, అది ఒక్కొక్క మడత ముక్కుతోని తీసుకుంట వెతుక్కోవాలె. పావుగంట వెతికితే చానసేపు ఉరికినంత అలసట వస్తదంట. నేను పోయి చూసినప్పుడు నా ముంగటనే చేయించిండ్రు. అప్పటిదాకా జాలీ మీదికి దుంకిన కుక్క తోక కూడ ఆడియ్యకుండ, ఊపిరి బుసబుస వినపడంగ సంచిని శోధించింది. అయిపోయినంక నా కాళ్లకాడ పండింది. ఉరికేది దాని గుణం కాదక్కా, పని లేకపోవుడు దాని రోగం.

అక్క: అది నేను ఒప్పుకుంట. పని లేని కుక్కనే పాడైతది. అందుకే కట్టేసుడంటే నాకు కోపం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంల ఉన్నది: ఎప్పుడూ గొలుసుకే ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోతే అది క్రూరత్వమే. పొట్టి గొలుసు కట్టి గంటలకు గంటలు ఉంచుడూ క్రూరత్వమే. కారణం లేకుండ వదిలేసినా అంతే. మొదటిసారి తప్పుకు జరిమానా ఎంతనుకుంటున్నవు? పది రూపాయల నుంచి యాభై దాకా. అంటే చట్టం ఉన్నా నిన్ను ఆపేది చట్టం కాదు, నీ మనసే. ఊర్ల ఎన్ని ఇండ్లల్ల కుక్క పుట్టిన కాడికెల్లి చచ్చేదాకా ఒక గుంజ చుట్టు తిరిగి తిరిగి నేలను గుండ్రంగ అరగదీస్తదో మనిద్దరం చూసినం. మొదలు వాళ్లు కూడ నీ లెక్కనే అన్నరు. పొద్దుగాల తిప్పుతం, మాపటికి తిప్పుతమని.

తమ్ముడు: వాళ్లు తప్పిండ్రని నేనూ తప్పుతనంటే ఏం చెప్పాలె? నమ్మకం లేకపోతే ఎవ్వరూ దేన్నీ సాకొద్దు.

అక్క: నమ్మకం గురించి కాదు, ఏండ్ల గురించి అడుగుతున్న. మంచిగ చూసుకుంటే ఆ కుక్క పన్నెండు, పదమూడేండ్లు బతుకుతది. నీది సర్కారు బడి నౌకరి, బదిలీలు వస్తయి. రేపు నాగర్‌కర్నూల్‌ల కిరాయి ఇల్లు పట్టాల్సొస్తే ఇంటాయన కుక్కతోని రానిస్తడా? నీ పెండ్లయితే వచ్చే పిల్లకు కుక్కంటే భయమైతే? నిన్ను తప్పుపట్టుడు కాదిది. ఈ ప్రశ్నలు ఆ కుక్క అడగలేదు, అందుకని నేనడుగుతున్న.

తమ్ముడు: బదిలీ అయితే నాతోని వస్తది. కిరాయి ఇల్లు దొరకకపోతే ఊరవతల ఇంకోటి చూసుకుంట. పెండ్లి మాట వచ్చినప్పుడు కుక్క ఉన్నదని మొదలే చెప్త. పదమూడేండ్లల్ల ఏమైతదో పిల్లలను కనేటోళ్లకు తెలుసా, పొలం కౌలుకు పట్టేటోళ్లకు తెలుసా? అన్నీ తెలిసినంకనే మాటిస్తమంటే ఎవ్వరూ ఎవ్వరికీ మాట ఇయ్యరు. మాట అనేదే తెలువని రోజులకు ఇచ్చేది.

అక్క: ఆ మాట మంచిగున్నది. సరే, మాట సంగతి పక్కన పెట్టు. టీకాలు పడ్డయన్నవు. ఏ టీకా?

తమ్ముడు: రేబిస్.

అక్క: అదొక్కటేనా? వీధికుక్కలకు ఆపరేషన్ చేసి వదిలే కార్యక్రమంల ఇచ్చేది రేబిస్ టీకా. జూలై 6 జూనోసిస్ దినం నాడు పశువుల దవాఖానల ఉచితంగ ఇచ్చేదీ అదే. డిస్టెంపర్, పార్వో టీకాలు వేరే ఉన్నయి, అవి అడిగి వేయించుకోవాలె. మనకాడ రేబిస్ కంటే నాకు డిస్టెంపర్ భయమే ఎక్కువ. 2018ల గుజరాత్ గిర్ అడవిల, దల్ఖానియా రేంజ్‌ల, కొన్ని వారాలల్లనే ఇరవైకి పైన సింహాలు చచ్చిపోయినయి. చచ్చినవాటిల డిస్టెంపర్ వైరస్ దొరికింది. 1994ల ఆఫ్రికాల సెరెంగెటి అడవుల అదే రోగంతోని వెయ్యి సింహాల దాకా పోయినయి. అక్కడి సింహాలల్ల మూడో వంతు. ఆ తర్వాత ఆ అడవి చుట్టున్న ఊర్ల కుక్కలకు టీకాలు వేయాలెనని అందరికీ తెలిసొచ్చింది. ఇక్కడ పులులున్నయి, చిరుతలున్నయి, రేసుకుక్కలున్నయి. రేసుకుక్కలకు మన కుక్కలు దగ్గరి చుట్టాలు, రోగం దాటనీకి ఎక్కువసేపు పట్టదు. అది ఒక మందకు అంటితే మొత్తం మంద పోవొచ్చు.

తమ్ముడు: గందుకనే అంటున్న. నా కుక్కకు అన్ని టీకాలు నేను వేయిస్త. ఏటేటా మల్లీ వేయిస్త. అడవికి ప్రమాదం టీకా పడ్డ ఆ ఒక్క కుక్కతోనా, ఏ టీకా లేక ఊరంతా తిరిగే కుక్కలతోనా? నిజంగ అడవి మీద రంది ఉంటే నా కుక్కను ఆపితే తీరదు.

అక్క: తీరదు. ఆ మాట ఒప్పుకుంట. వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి అయిదు కిలోమీటర్ల లోపల ఉండే పశువులకు అంటురోగాల టీకాలు వేయించే ఏర్పాటు అటవీశాఖే చెయ్యాలె. ఏ పశువులో ఆ చట్టమే పేర్లు పెట్టింది. బర్రె, ఎద్దు, ఆవు, మేక, గొర్రె, గాడిద, గుర్రం, ఒంటె, జడలబర్రె, పంది, కోడి, బాతు. అన్నీ ఉన్నయి, కుక్క పేరు లేదు. పులికి డిస్టెంపర్ అంటించగల కుక్కనే ఆ పట్టీల లేకుండ పోయింది. మీ బావ అడవి డ్యూటీల ఉన్నప్పటి సంది ఈ మాట నాకు కొడుతనే ఉన్నది.

అందుకే అడుగుతున్న. ఆ కుక్క మీద పెట్టే పైసలు, ఆ పొద్దుగాలలు, ఆ శ్రద్ధ మన గల్లీ కుక్కల మీద పెట్టు. బడి పిల్లలను వెంబడి తీసుకొని, పశువుల డాక్టర్‌ను బతిలాడి ఊరంతట టీకాలు వేయించు. ఇల్లు లేని కుక్క కావాలంటే హైదరాబాద్ దాకా ఎందుకు? మన ఊర్ల కుక్క ఈనితే పిల్లలను అడిగేటోడు లేడు. నీ దయకు నూటయాభై కిలోమీటర్లు పోవాల్నా?

తమ్ముడు: ఇదే నన్ను ఎక్కువ ఇరుకున పెట్టిన మాట. మస్తు ఆలోచించిన దీని మీద. ఊర్ల కుక్కకు ఇల్లు లేదంటవు గని, దానికి ఊరున్నది. హోటల్‌కాడ ఒక పూట, బడికాడ ఒక పూట. మసీదు గల్లీల ఎవరో బొక్కలేస్తరు. దాని దోస్తులున్నయి, దాని హద్దున్నది. గూట్ల ఉన్నదానికి ఏమున్నది? నాలుగు దిక్కుల జాలీ, చుట్టు వందల కుక్కల మొరుగుడు. షెల్టర్ నడిపేటోళ్లది తప్పు కాదు. హైదరాబాద్‌ల బ్లూక్రాస్ మొదలైంది 1992ల. అప్పటి సంది వాళ్లసుంటోళ్లు చేసేది చేస్తనే ఉన్నరు. గని గూడు ఎంత మంచిదైనా ఏడాది కుక్కకు అది ఇల్లు కాదు. 2025 ఆగస్టుల జీహెచ్‌ఎంసీ జలగం వెంగళరావు పార్కుల దత్తత మేళా పెట్టింది, అండ్ల ఇచ్చింది పిల్లలనే. ఏడాది దాటినవాటిని అడిగేదెవరు?

ఇగ ముంగట గూళ్లు ఇంకా నిండుతయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నింటిని షెల్టర్లకు పంపుమన్నది. 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చి, ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టినకాడనే వదలాలన్నది. మల్ల నవంబర్ 7న బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లల్ల పట్టినవాటిని మాత్రం అక్కడికి మల్లించొద్దు, షెల్టర్ల పెట్టాలన్నది. ఎందుకన్నదో నాకు అర్థమైంది. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాడు కుక్కల నోట్ల పడి చచ్చిపోయిండు. ఆ వీడియో చూసినోళ్లకు కుక్కల మీద దయ చూపాలెనని చెప్పే ధైర్యం నాకు లేదు. గని పట్టిన కుక్కలు గూట్లకు పోతయి, గూట్లకెల్లి ఎక్కడికి పోతయి? ఎవరన్న ఇంటికి తీసుకపోకపోతే ఆ లెక్క ఎక్కడ తెగుతది? ఊరకుక్కలకు టీకాలు వేయించుడు మంచిపని, చేస్త. నువ్వు చెప్పినందుకు ఇంకా గట్టిగ చేస్త. గని అది ఏడాదికి కొన్ని రోజుల పని. ఒక్క ప్రాణిని దాని ముసలితనం దాకా చూసుకునుడు ఇంకో పని. అది చేసిన కదా, ఇది వద్దని నా మనసు చెప్తలేదు.

అక్క: ఆ ఆగస్టు 22 ఆర్డర్‌లనే ఇంకో ముక్క ఉన్నది, అది కూడ చదువు. వీధికుక్కను దత్తత తీసుకుంటమని ముందుకొచ్చేటోళ్లకు ఇయ్యొచ్చు, గని అది మల్ల వీధిల పడకుండ చూసే బాధ్యత వాళ్లదే. దత్తత అంటే ఫొటో దిగి తెచ్చుకునుడు కాదని కోర్టే చెప్పినట్టు.

ఇంకొకటి. పొన్నకల్ సంగతి యాదికున్నదా? అడ్డాకల్ మండలంలది. 2024 ఫిబ్రవరిల రాత్రిపూట మొఖాలకు గుడ్డలు కట్టుకొని వచ్చి ఇరవై కుక్కలను తుపాకీతోని కాల్చి చంపిండ్రు. ఎందుకని తీస్తే, తమ పెంపుడు కుక్కను ఊరకుక్కలు చంపినయని పగ పట్టిండ్రని పోలీసులు చెప్పిండ్రు. ఒక కుక్క మీద ప్రేమనే ఇరవై కుక్కలను చంపింది. నువ్వు అసుంటోనివని కాదు. బయటికెల్లి వచ్చిన కుక్కను గల్లీ కుక్కలు మొదటి రోజే ఊరుకోవు. నీది కుర్ర కుక్క, తగ్గదు. మెడ చీలుకుపోయి నెత్తురు కారుకుంట ఇంటికొచ్చిన రోజు నీకు ఏ కుక్క మీద దయ మిగుల్తదో చూడాలె.

తమ్ముడు: ఆ కాల్చినోళ్ల తప్పును కుక్కను సాకినందుకు కట్టకు. గని గల్లీ కుక్కల సంగతి నిజమే. మొదటి మూడు రోజులు ఇంట్లకెల్లి కదలనియ్యొద్దంటరు. మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తదంట, మూడు నెలలకు తనదనుకుంటదంట. నేను వేసవి సెలవులల్ల తెద్దామనుకుంటున్న, ఆ రోజులన్ని దాని పక్కనే ఉండనీకి. చేన్ల కూడ ఇడిచిపెట్టను. ముప్పై అడుగుల తాడు కట్టి పిలిస్తే వచ్చుడు నేర్పిస్త. తాడు లేకుండ ఇడిచేది ఎప్పుడో నాకే తెలువదు. ఎప్పటికీ ఇడువకపోవచ్చు.

అక్క: అక్కడనే నాకు బాధ. ఇడిస్తే అడవికి ముప్పు, దానికీ ముప్పు. పల్లిచేన్లకు పందులొస్తయని కొందరు కరెంటు తీగలు పెడుతున్నరు, ఉచ్చులు పెడుతున్నరు. పంది కోరకు కుక్క పొట్ట చీలిపోవుడు నువ్వూ చూసినవు. ఇడువకపోతే బతుకంత తాడు మీదనే. ఇంత అడవి వాసన ముక్కుకు కొడుతుంటే, ఉరకనీకి పుట్టిన జీవిని ముప్పై అడుగులల్ల ఉంచుడు దయనా? నగరంల అయితే దానికి ఆ వాసన కూడ తెలువదు. ఏమో, తెలువకపోవుడే మేలేమో అనిపిస్తది.

తమ్ముడు: జాలీల ఉండుడు కంటే ముప్పై అడుగులు ఎక్కువ కాదా? నువ్వు దాన్ని అడవిల ఉరికే కుక్కతోని పోలుస్తున్నవు. అసుంటి బతుకు దానికి ఎవ్వరూ ఇస్తలేరు. దాని ముంగట ఉన్నవి రెండే, ఆ గూడు, మన ఇల్లు.

అక్క: మూడోది కూడ ఉన్నది. హైదరాబాద్‌లనే, మేడ్చల్ దిక్కో శంషాబాద్ దిక్కో గోడ ఎత్తున్న ఇల్లు, ఇంట్ల రోజంత మనుషులుండే ఇల్లు. నువ్వు తీసుకోకపోతే అసుంటోళ్లు రావొచ్చు.

తమ్ముడు: రావొచ్చు. ఏడాది సంది రాలేదు.

అక్క: ...సరే. అది ఒప్పుకోక తప్పదు.

తమ్ముడు: షెల్టరోళ్లు ఫారం ఇచ్చిండ్రు. అండ్ల ఒక గడి ఉన్నది. దత్తత తీసుకునేటాయన లేనప్పుడు చూసుకునేది ఎవరని. పేరు రాయాలె, సంతకం పెట్టాలె. నీ పేరు రాయాలనుకున్న.

అక్క: నా పేరు రాయకు. నేను వద్దంటున్న పనికి నా సంతకం ఎట్ల పెడ్త? అమ్మ పేరు కూడ ఆమెకు చెప్పకుండ రాయకు. ఆ గడిల రాయనీకి పేరు దొరికినంకనే షెల్టర్‌కు ఫోన్ చెయ్.

తమ్ముడు: దొరకకపోతే ఆ కుక్క ఆడనే ఉంటది.

అక్క: తెలుసు. ఆ మాట నా మీద పడ్తదని తెలిసే అంటున్న. ఇంకొకటి చెప్త, ఇది ఒప్పుకున్నట్టు కాదు. మల్ల పోయేటట్టయితే నన్ను కూడ తీసుకపో. గూట్ల దుంకుడు కాదు నేను చూసేది. గేటు బయటికి తీసుకొచ్చి గంటసేపు నేనే తాడు పట్టి నడిపిస్త. ఎదురుంగ ఇంకో కుక్కొస్తే ఏం చేస్తదో చూడాలె, మేకలో కోళ్లో కనపడితే మొఖం మల్లించగలుగుతనా లేదా చూడాలె. డిస్టెంపర్ టీకా కార్డు చూడాలె. లేకుంటే మొదలు అది వేయించి, మల్ల డోసు పడ్డంక కొన్ని వారాలు ఆడనే ఉంచుమనాలె. అన్ని చూసినంక కూడ నా మాట వద్దనే రావొచ్చు.

తమ్ముడు: అవన్ని సరిగ్గ ఉంటే?

అక్క: అప్పుడు కూడ మొదలు అమ్మను అడుగుదువు. పొద్దున బువ్వ పెట్టేది ఆమెనే.